బండి బాగోగులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాటతో ముగిశాయి: "మెకానిక్ ఫలానా సామాను మార్చాలంటున్నాడు, మార్చించమంటారా?" సామాను మార్చడం తప్పు కాదు. కాని అది ఎందుకు పోయిందో తెలుసుకోకుండా మారిస్తే కొత్తదీ అదే దారిన పోతుంది. అందుకే ఈసారి జవాబుల్లో చాలాచోట్ల మార్చాలా వద్దా అని తేల్చేముందు ఎలా చూసుకోవాలో రాశాను. బండి కొన్నప్పుడు ఇచ్చిన చిన్న పుస్తకం సీటు కిందో బీరువాలోనో ఉంటుంది. దాన్ని దగ్గర పెట్టుకుని చదవండి. నా లెక్కకూ అందులోని లెక్కకూ తేడా వస్తే పుస్తకంలో ఉన్నదే పాటించండి.

నంద్యాల నుంచి ఒక ఉపాధ్యాయిని: నేను 100 సీసీ బండి మీద బడికి వెళ్లి వస్తాను. రానూపోనూ రోజుకు 56 కిలోమీటర్లు. గత ఏడాది చైన్ కిట్ మార్పించాను. ఇప్పుడే మళ్లీ గరగరమంటోంది. గతుకులు వస్తే చైన్ కవర్‌కు తగిలి టకటకమని కొడుతోంది. మెకానిక్ మళ్లీ కిట్ మార్చాల్సిందే అంటున్నాడు. 14 వేల కిలోమీటర్లకే చైన్ అరిగిపోతుందా?

నూనె చుక్క ఎరగని చైన్ అంతకంటే ముందే అరిగిపోతుంది. వేళకు నూనె పడిన చైన్ 20 వేలు దాటినా నడుస్తుంది. మీది ఈ రెంటిలో ఏదో మీ ఉత్తరంలోనే కొంత తెలుస్తోంది. గరగర చైన్ ఎండిపోయినందువల్ల వచ్చే శబ్దం, టకటక చైన్ వదులైనందువల్ల వచ్చే శబ్దం. ఈ రెండూ అరుగుదలకు దారి తీసేవే గాని, ఇవి వినబడినంత మాత్రాన చైన్ అరిగిపోయిందని అర్థం కాదు.

అరిగిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది, అది మీ కళ్ల ముందే చేయమనండి. కవర్ విప్పించి, వెనుక చక్రం స్ప్రాకెట్‌కు (చైన్ తిరిగే పళ్ల చక్రానికి) సరిగ్గా వెనకవైపున ఉన్న చైన్ లింకును రెండు వేళ్లతో పట్టుకుని వెనక్కి లాగాలి. లింకు పళ్లను అంటిపెట్టుకుని కదలకపోతే చైన్‌కు ఇంకా ఆయుష్షు ఉంది. లింకు లేచి పన్ను సగం దాకా బయటికి కనిపిస్తే దాని పని అయిపోయింది. పళ్లను కూడా చూడండి. రెండు వైపులా సమానంగా ఉండవలసిన పన్ను ఒక పక్కకు కొడవలి కొనలా వంగి ఉంటే స్ప్రాకెట్ కూడా పోయినట్టే. అలాంటప్పుడు చైన్ ఒక్కదాన్నే మార్చడం దండగ. వంగిన పళ్లు కొత్త చైన్‌ను కొద్ది నెలల్లోనే పాతదిగా చేసేస్తాయి. కిట్ అని చైన్, ముందూ వెనకా స్ప్రాకెట్లు మూడింటినీ కలిపి అమ్మేది అందుకే.

పరీక్షలో చైన్ బాగానే ఉందని తేలితే చేయవలసింది సరైన బిగింపు, నూనె మాత్రమే. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, న్యూట్రల్‌లో పెట్టి, రెండు స్ప్రాకెట్ల నడుమ కింది చైన్‌ను వేలితో పైకీ కిందికీ ఆడించాలి. మీ తరహా బండ్లలో చాలావాటికి కింది కొస నుంచి పై కొసకు మొత్తం కదలిక 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి. కవర్ పూర్తిగా మూసి ఉన్న బండ్లలో దీనికోసమే కింద రబ్బరు మూతతో ఒక రంధ్రం ఉంటుంది. కవరంతా విప్పనక్కరలేదు. చక్రాన్ని పావు చుట్టు చొప్పున తిప్పుతూ నాలుగు చోట్ల చూడాలి. చైన్ అన్నిచోట్లా ఒకేలా అరగదు కాబట్టి ఒకచోట బిగుతుగా, మరోచోట వదులుగా తగులుతుంది. ఎక్కడ అన్నిటికన్నా బిగుతుగా ఉందో అక్కడ కొలత సరిపోయేలా బిగించాలి. మోత పోవాలని తీగలా బిగించేవాళ్లున్నారు. బండి గతుకులో పడి వెనక చక్రం పైకి కదిలినప్పుడు చైన్ ఇంకా బిగుసుకుంటుందన్న సంగతి వాళ్లు మరిచిపోతారు. ఆ లాగుడంతా ముందు స్ప్రాకెట్ బిగించిన షాఫ్టు మీదా దాని బేరింగు మీదా పడుతుంది. కొన్నాళ్లకు అక్కడి ఆయిల్ సీలు కారడం మొదలవుతుంది. వదులు చైన్ మోత చేస్తుంది, బిగుతు చైన్ చప్పుడు లేకుండా ఖర్చు పెట్టిస్తుంది.

బిగించాక చక్రానికి రెండు వైపులా ఉన్న గీతలు ఒకే అంకె దగ్గర ఉన్నాయో లేదో మీరే వంగి చూడండి. తేడా ఉంటే చక్రం ఒక పక్కకు చూస్తుంది, చైన్ ఒరుసుకుంటూ నడుస్తుంది. ఇంకొక మాట. చైన్ బిగించడమంటే వెనక చక్రాన్ని కొంచెం వెనక్కి జరపడమే. డ్రమ్ము బ్రేకు ఉన్న బండిలో చక్రంతోపాటు బ్రేకు కడ్డీ కూడా లాగబడి బ్రేకు పట్టేస్తుంది. అందుకే చైన్ బిగించిన ప్రతిసారీ బ్రేకును మళ్లీ సరిచూడాలి. చాలా షెడ్లలో ఈ పని జరగదు. తరవాతి ప్రశ్నలో దీని ఫలితం కనిపిస్తుంది.

నూనె సంగతి. సుమారు 500 కిలోమీటర్లకు ఒకసారి, అంటే మీ లెక్కలో తొమ్మిది పనిదినాలకు ఒకసారి వేయాలి. వానలో తడిస్తే ఆ సాయంత్రమే వేయాలి. ఎస్‌ఏఈ 90 గేర్ ఆయిల్ చాలు. ఇంటికి వచ్చాక, చైన్ కాస్త వేడిగా ఉన్నప్పుడు, ఇంజిన్ ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ కింది చైన్ లోపలి వైపున చుక్కలు చుక్కలుగా వేసి, పది నిమిషాల తరవాత పైకి కారిన దాన్ని గుడ్డతో తుడిచేయండి. నూనె పని చేసేది లింకుల లోపల. పైన మిగిలినది మీ నల్లరేగడి దుమ్మును పట్టి ఉంచడం తప్ప చేసేదేమీ లేదు. గ్రీజు పూయించకండి. అది రోలర్ల లోపలికి దిగదు, ఇసుకను మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. ఇంజిన్ నుంచి తీసిన నల్లటి పాత ఆయిల్ కూడా వద్దు, అందులో లోహపు పొడి ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం: తొందరగా అవుతుందని ఇంజిన్ ఆన్ చేసి, గేర్‌లో పెట్టి, తిరుగుతున్న చైన్‌కు నూనె వేయడం, గుడ్డ పట్టడం ఎన్నడూ చేయకండి. స్ప్రాకెట్‌కూ చైన్‌కూ నడుమ గుడ్డతోపాటు వేళ్లు కూడా పోతాయి.

హైదరాబాదు నుంచి ఆహారం డెలివరీ చేసే యువకుడు: నా బండి లీటరుకు 62 ఇచ్చేది. రెండు నెలలుగా 48 మించడం లేదు. పెట్రోల్లో ఎథనాల్ కలపడం వల్లనే అని అందరూ అంటున్నారు. బండి 2018 మోడల్, కార్బురేటర్‌ది. ఈ మధ్య చైన్ బిగించడం తప్ప పెద్ద పనేమీ చేయించలేదు. మైలేజీ మళ్లీ రావాలంటే ఏం చేయాలి?

ముందు లెక్క చూద్దాం. ఎథనాల్‌లో ఉండే శక్తి లీటరుకు లీటరు చొప్పున చూస్తే పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. అందువల్ల 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలుతో మైలేజీ కొంత తగ్గడం నిజమే. పాత పెట్రోలుకు తయారైన ద్విచక్ర వాహనాల్లో ఈ తగ్గుదల 3 నుంచి 4 శాతం ఉండవచ్చని 2021లో నీతి ఆయోగ్ ప్రచురించిన ప్రణాళికలో అంచనా వేశారు. ఆ అంచనాను నమ్మకపోయినా, శక్తి తేడా మొత్తాన్ని లెక్కగట్టినా, అది ఆరేడు శాతం దగ్గర ఆగిపోతుంది. 62 నుంచి 48కి పడిపోవడమంటే దాదాపు 23 శాతం తగ్గినట్టు. మిగిలిన నష్టం మీ బండిలోనే ఎక్కడో జరుగుతోంది. ఎథనాల్ మీద నెట్టేసి ఊరుకుంటే అది దొరకదు.

మీ ఉత్తరంలో నాకు ఆసక్తి కలిగించిన ముక్క "చైన్ బిగించడం తప్ప" అన్నది. పైన నంద్యాల ఉపాధ్యాయినికి రాసిన జవాబు చదవండి. బండిని సెంటర్ స్టాండు ఎక్కించి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా ఒకసారి తిప్పి వదలండి. బాగున్న చక్రం కొన్ని చుట్లు తిరిగి నెమ్మదిగా ఆగుతుంది. మీది ఒక చుట్టు కూడా పూర్తికాకుండా సర్రుమంటూ నిలిచిపోతే బ్రేకు పట్టి ఉన్నట్టే. పది కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆగి, డ్రమ్ము దగ్గరికి అరచెయ్యి తీసుకెళ్లండి, తాకకండి. సెగ తగిలితే వేరే రుజువు అక్కర్లేదు. బ్రేకు కడ్డీ చివరనున్న నట్టును వదులు చేసి, పెడల్‌కు పుస్తకంలో చెప్పినంత ఆట వచ్చేలా సరిచేయిస్తే చాలు. ఇది రెండు నిమిషాల పని. కొత్త సామాను ఏమీ అక్కర్లేదు.

తరవాత చూడవలసింది గాలి. 100 సీసీ బండ్లలో చాలావాటికి ఒక్కరే ఎక్కినప్పుడు ముందు 25, వెనుక 28 పీఎస్ఐ దగ్గర ఉంటుంది. వెనక మరొకరు కూర్చుంటే వెనక చక్రానికి ఇంకా ఎక్కువ కావాలి. మీ బండికి ఎంతో చైన్ కవర్ మీదో స్వింగ్ ఆర్మ్ మీదో అంటించిన స్టికర్‌లో ఉంటుంది. భోజనాల పెట్టె నిండా బరువు మోస్తూ తిరుగుతున్నారు కాబట్టి మీరు ఇద్దరు ఎక్కినప్పటి అంకెకు దగ్గరగా ఉంచుకోవడం మంచిది. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. మధ్యాహ్నం రోడ్ల మీద తిరిగి కాగిన టైరులో అంకె ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీయించుకుంటే రాత్రికి టైరు మెత్తబడుతుంది. రోజుకు 100 కిలోమీటర్లకు పైగా తిరిగేవాళ్లు వారానికి ఒకసారి చూసుకోవాలి. నెలకోసారి సరిపోదు.

ఈ రెండూ సరిగా ఉంటే ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు, చోక్ (చల్లటి ఇంజిన్ అందుకోవడానికి గాలి తగ్గించే మూత) చూపించండి. చోక్ తీగ పట్టేసి సగం మూసుకుని ఉండిపోవడం కార్బురేటర్ బండ్లలో మామూలే. పాత బండి కనుక ఎథనాల్ విషయంలో మైలేజీకి కాదు, రబ్బరుకు భయపడండి. పెట్రోలు గొట్టం పగుళ్లు తేలిందా, వేలితో నొక్కితే బంకలా మెత్తబడిందా అని నెలకొకసారి చూసి, అనుమానం వస్తే వెంటనే మార్చేయండి. దాని ఖరీదు చాలా తక్కువ. వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారితే జరిగే నష్టానికి మాత్రం లెక్క ఉండదు.

మైలేజీని మీటరు ముల్లు చూసి కొలవకండి. ఒకే బంకులో ట్యాంకు నిండా పట్టించి మీటరు అంకె రాసుకుని, మూడు నాలుగు రోజులు తిరిగి, అదే బంకులో అదే మట్టానికి మళ్లీ పట్టించి, తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. ఇలా మూడుసార్లు చేసి సగటు తీస్తేనే నమ్మదగిన అంకె వస్తుంది.

కరీంనగర్ నుంచి ఒక వ్యాపారి: మా కారు సర్వీసింగ్‌లో మిగిలిన ఖరీదైన సింథటిక్ ఆయిల్‌ను బైకులో పోయించాను. నెల తిరగకముందే ఎక్సిలేటర్ తిప్పితే ఇంజిన్ అరుస్తోంది గాని బండి ముందుకు లాగడం లేదు. క్లచ్ ప్లేట్లు కాలిపోయాయని చెప్పి మార్చమంటున్నారు. ఖరీదైన ఆయిల్ పోస్తే చెడిపోవడమేమిటి?

ఖరీదు ఎంతైనా అది మీ బైకుకు తగిన ఆయిల్ కాదు. కారులో ఇంజిన్ ఆయిల్ ఇంజిన్‌కు మాత్రమే పరిమితం, క్లచ్ వేరే పొడి గదిలో ఉంటుంది. మన మోటారు సైకిళ్లలో ఇంజిన్, గేర్లు, క్లచ్ మూడూ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. ఇంజిన్ తేలిగ్గా తిరగాలని, తద్వారా ఇంధనం ఆదా కావాలని అనేక కారు ఆయిళ్లలో ఒరిపిడిని తగ్గించే రసాయనాలు కలుపుతారు. క్లచ్ ప్లేట్లు పనిచేసేదే ఒరిపిడితో. దాన్ని తగ్గించేది పోస్తే జారక ఏం చేస్తాయి? బైకు ఆయిల్ డబ్బా వెనక "జాసో ఎంఏ" అనో "ఎంఏ2" అనో ఉండాలి. తడి క్లచ్‌కు పనికొస్తుందని చెప్పే జపాన్ ప్రమాణం అది. "ఎంబీ" అని ఉంటే గేర్లు లేని స్కూటర్లకు ఉద్దేశించినది, మీకు పనికిరాదు. చిక్కదనం 10డబ్ల్యూ-30 కావాలా, 20డబ్ల్యూ-40 కావాలా అన్నది పుస్తకం చెబుతుంది. ఎండలు ఎక్కువ కదా అని చిక్కనిది పోయించడం కూడా ఇలాంటి సొంత వైద్యమే.

ప్లేట్లు మార్చేముందు రెండు పనులు చేయించండి. క్లచ్ లీవరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉత్తుత్తి ఆట ఉందో లేదో చూడండి. ఆట లేకపోతే లీవరు వదిలినా క్లచ్ పూర్తిగా పట్టదు, సరిగ్గా మీరు చెప్పిన లక్షణాలే కనిపిస్తాయి. అది సరిగ్గా ఉంటే ఆయిల్ తీయించి సరైనది పోయించి, ఒక రెండు మూడు వందల కిలోమీటర్లు మెల్లగా నడపండి. ప్లేట్లు కాలనంతవరకు కోలుకునే అవకాశం ఉంది. తీసిన ఆయిల్ మాడు వాసన కొడుతుంటే మాత్రం మెకానిక్ మాటే నిజం.

ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్ది, నల్లబడిందని చెప్పి మార్చేయడం మన షెడ్లలో పాత అలవాటు. రంగు నల్లబడడం మురికిని ఆయిల్ తనలో పట్టి ఉంచుతోందనడానికి గుర్తు, చెడిపోయిందనడానికి కాదు. కిలోమీటర్ల లెక్కే ప్రమాణం. రంగు కంటే మట్టం ముఖ్యం. దాన్ని మాత్రం పదిహేను రోజులకోసారి, చదునైన నేల మీద, బండిని నిటారుగా నిలిపి మీరే చూసుకోవాలి.

వరంగల్ నుంచి ఒక గృహిణి: మా వారి బండిని వాటర్ సర్వీసింగ్ చేయించి తెచ్చాం. కొత్తదానిలా మెరుస్తోంది గాని మొదటి మలుపులోనే జర్రున జారింది, ముందు బ్రేకు కూడా సరిగ్గా పట్టలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమై ఉంటుంది?

బాగా మెరవడమే కారణం. కడిగాక నల్లగా నిగనిగలాడాలని టైర్లకు పాలిష్ పూస్తారు. టైరు పక్కలకు పూసినది నేలను తాకే చోటికి పాకితే ఆ చక్రం సబ్బు పూసిన గచ్చు మీద నడిచినట్టే. ముందు బ్రేకు పట్టకపోవడానికి తుప్పు పట్టకుండా కొట్టే స్ప్రే డిస్కు మీద పడడం కారణమై ఉంటుంది. టైర్లను, డిస్కును బట్టల సబ్బు నీళ్లతో బాగా కడిగి ఆరనివ్వండి. ఇంటి ముందు ఖాళీ వీధిలో నెమ్మదిగా నడుపుతూ బ్రేకు పదిసార్లు వేసి చూడండి. అప్పటికీ పట్టు రాకపోతే ప్యాడ్లు నూనె పీల్చుకున్నాయి, వాటిని మార్చక తప్పదు. ప్రాణానికి సంబంధించిన సామాను కనుక ఇక్కడ నేను పొదుపు చెప్పను. ఈ సందర్భంలోనే హ్యాండిల్ మీదున్న చిన్న బ్రేకు ద్రవం గిన్నెను చూడండి. మట్టం కింది గీత కంటే దిగకూడదు. ఆ ద్రవం గాలిలోని తేమను పీల్చుకునే రకం కాబట్టి మట్టం బాగున్నా రెండేళ్లకోసారి మార్పించాలి. పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడిగేయాలి.

ఈసారి కడిగించేటప్పుడు హ్యాండిల్ మీటలు, చక్రాల ఇరుసులు, సైలెన్సర్ నోరు, సీటు కింది భాగం మీద నీటి గొట్టం ఎక్కుపెట్టవద్దని, పాలిష్ పూయవద్దని ముందే చెప్పండి.

విజయవాడ, అజిత్‌సింగ్ నగర్ నుంచి ఒక ఉద్యోగి: 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు మా వీధిలో బండ్లన్నీ రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. నీళ్లు తీశాక నేను కిక్కు కొట్టి కొట్టి స్టార్ట్ చేశాను. టంగుమని చప్పుడు వచ్చి ఇంజిన్ బిగుసుకుపోయింది. పక్కింటాయన బండి మాత్రం ఇప్పటికీ తిరుగుతోంది. అప్పుడు నేను చేసిన తప్పేమిటి? మళ్లీ అలాంటిదే వస్తే ఏం చేయాలి?

తప్పు స్టార్ట్ చేయడమే. ఇంజిన్ సిలిండర్‌లో పిస్టన్ గాలినీ పెట్రోలు ఆవిరినీ నొక్కుతుంది. అవి నొక్కితే కుదించుకుపోతాయి. నీళ్లు కుదించుకోవు. సిలిండర్‌లో నీళ్లు ఉండగా పిస్టన్ పైకి వస్తే వంగవలసింది నీళ్లు కాదు, పిస్టన్‌ను మోసే కనెక్టింగ్ రాడ్. మీరు విన్న టంగుమనే చప్పుడు బహుశా అదే. మీ పక్కింటాయన తాళం ముట్టుకోకుండా బండిని తోసుకుంటూ షెడ్డుకు తీసుకెళ్లి ఉంటారని నా ఊహ.

నీళ్లు ఇంజిన్ మట్టం దాటిన బండి విషయంలో చేయవలసిన వరుస ఇది. ముందుగా మునిగిన బండిని, మీటరుతో సహా నంబరు ప్లేటు కనబడేలా నాలుగు వైపులా ఫోటోలు తీసి, బీమా సంస్థకు తెలియజేయండి. పూర్తి పాలసీ ఉంటే వరద నష్టానికి పరిహారం అడగవచ్చు. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే రాదు. మునిగిన బండిని స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్‌కు కలిగిన నష్టం మీద మాత్రం తగాదా వస్తుంది. అందువల్ల కూడా తాళం తిప్పకండి. ఆపైన బ్యాటరీ తీగ విప్పేయాలి, ముందు మైనస్, తరవాత ప్లస్. ఆన్ చేస్తే తడిసిన కనెక్టర్ల ద్వారా విద్యుత్తు పోకూడని చోటికి పోతుంది. 2020 ఏప్రిల్ తరవాత తయారైన బీఎస్6 బండ్లలో ఇంజిన్‌ను నడిపించేది ఒక చిన్న కంప్యూటరు కనుక వీటిలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

తరవాత ప్లగ్గు విప్పి, ప్లగ్గు లేకుండానే కిక్కును చేత్తో నెమ్మదిగా తిప్పాలి. లోపలి నీళ్లు ఆ రంధ్రం గుండా చిమ్ముతాయి. ముఖం పక్కకు పెట్టుకోండి. ఇంజిన్ కింది బోల్టు విప్పితే వచ్చే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టు. దాన్ని పూర్తిగా తీసి, చవకైనదైనా సరైన రకం ఆయిల్ పోసి, ఇంజిన్‌ను కొద్ది నిమిషాలు నడిపి మళ్లీ తీసేయాలి. రంగు తేటపడే దాకా ఒకటికి రెండుసార్లు ఇలా చేయక తప్పదు. ఇంజిన్ నడిపేముందే ఎయిర్ ఫిల్టర్ మార్చడం, పెట్రోలు ట్యాంకు ఖాళీ చేయడం, సైలెన్సర్‌లోని నీళ్లు వంచేయడం జరగాలి. అందరూ మరిచిపోయేది బ్రేకు డ్రమ్ములు. బుడమేరు తెచ్చినది ఉత్త నీళ్లు కావు, సన్నని ఒండ్రు. అది బ్రేకు షూల మధ్య ఎండి గరుకు కాగితంలా డ్రమ్మును గీసేస్తుంది. చక్రాలు విప్పి కడిగి, బేరింగులు చూసి, గ్రీజు పెట్టించాలి.

ఈ పని నీళ్లు తీసిన రోజునో మర్నాడో జరిగితే బండి దక్కుతుంది. మెకానిక్ దొరకలేదని వారాలు వదిలేస్తే లోపలి ఉక్కు భాగాలు తుప్పుపట్టి బిగుసుకుంటాయి. వరద తరవాత షెడ్ల ముందు ఎంత వరుస ఉంటుందో మీకే తెలుసు. అందుకే ప్లగ్గు తీయడం, పానాతో కింది ఆయిల్ బోల్టు విప్పడం, ఈ రెండూ ఇంట్లో ఒక్కరైనా నేర్చుకుని ఉంటే మంచిది.

విశాఖపట్నం నుంచి ఒక విద్యార్థి: సముద్రానికి దగ్గరలో గది. ఏడాదికే రిమ్ములు, సైలెన్సర్ తుప్పెక్కాయి. ఏం పూయాలి?

పూయడానికి ముందు కడగాలి. ఉప్పు గాలి చేసిన పని మీద నూనె పూస్తే ఉప్పును లోపల మూసిపెట్టినట్టే. వారానికోసారి మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక చువ్వలకు, నట్లకు పలచగా నూనె చెయ్యి పెట్టండి. బ్రేకు భాగాలకు తగలకూడదు. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల తేమ నిలిచి తుప్పు ఎక్కువవుతుంది, గాలి ఆడే గుడ్డ కవరు కొనండి.

అమెరికాలోని డాలస్ నుంచి ఒక ఇంజినీరు: తెనాలిలో నాన్నగారు ఒక్కరే ఉంటారు. వయసు మీద పడి బండి నడపడం మానేశారు. నేను ఏడాదికోసారి వచ్చే మూడు వారాల కోసం బండి ఉంచాం. ప్రతిసారీ బ్యాటరీ కొత్తది కొనవలసి వస్తోంది. నాన్నగారు వారానికోసారి స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఉంచుతున్నారు. అయినా ఎందుకిలా?

మీ నాన్నగారు శ్రద్ధగా చేస్తున్న ఆ రెండు నిమిషాల పనే బ్యాటరీని తినేస్తోంది. సెల్ఫ్ నొక్కినప్పుడు ఖర్చయిన విద్యుత్తు రెండు నిమిషాల ఐడ్లింగులో తిరిగి రాదు. పైగా 2017 తరవాతి బండ్లలో ఇంజిన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. వారం వారం ఇలా కొంత కొంత తరిగిపోతుంది. సీసం బ్యాటరీ చాలాకాలం సగం ఖాళీగా ఉంటే లోపలి పలకల మీద గట్టి పొర కట్టి, ఆ తరవాత ఎంత ఛార్జి చేసినా పూర్తిగా కోలుకోదు. పొట్టి ఐడ్లింగు వల్ల ఇంకొక నష్టమూ ఉంది. పొగలోని నీటి ఆవిరి సైలెన్సర్‌లోనే చల్లబడి నిలిచి, లోపలి నుంచి తుప్పు తింటుంది.

నమ్మకమైన కుర్రవాడెవరైనా ఉంటే, లైసెన్సు, బీమా, పొల్యూషన్ పత్రం సరిగ్గా ఉన్నాయని చూసుకుని, పదిహేను రోజులకోసారి అరగంట సేపు రోడ్డు మీద తిప్పి తెమ్మనండి. అలాంటి ఏర్పాటు కుదరకపోతే అసలు స్టార్ట్ చేయకపోవడమే మేలు. మీరు బయలుదేరే ముందు రోజు బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేయించి, విప్పి, పొడిగా ఉన్న గదిలో పెట్టించండి. రెండు మూడు నెలలకోసారి ఎలక్ట్రీషియన్ చేత ఛార్జి పెట్టిస్తే చాలు. వోల్టుమీటరు పెడితే కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టులు, ఆపైన చూపాలి. పెట్రోలు విషయంలో బండిని బట్టి పద్ధతి మారుతుంది. కార్బురేటర్ బండి అయితే పెట్రోలు కాక్ మూసి, ఇంజిన్ తనంతట తాను ఆగేవరకు నడిపి కార్బురేటర్‌ను ఖాళీ చేయాలి, లేకుంటే లోపల ఎండిన పెట్రోలు సన్నని రంధ్రాలను మూసేస్తుంది. ఇంజెక్షన్ బండి అయితే ట్యాంకును దాదాపు నిండా ఉంచండి. ఖాళీ ట్యాంకులో గాలి చల్లబడి చెమ్మ దిగుతుంది, ఎథనాల్ ఆ చెమ్మను పీల్చుకుంటుంది. తడి పెట్రోలులో నెలల తరబడి కూర్చోవడం పంపుకు మంచిది కాదు. బండిని సెంటర్ స్టాండు మీదే ఉంచమనండి.

మీరు దిగిన వెంటనే ఎక్కి వెళ్లిపోకుండా టైరు పక్కన అండాకారంలో ముద్రించిన నాలుగంకెలను చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఎక్కువ తిరగని బండి కాబట్టి గాట్లు లోతుగానే కనబడతాయి. కాని రబ్బరు గట్టిపడి, పక్కల్లో వెంట్రుక మందం పగుళ్లు తేలి ఉంటే గాట్లను చూసి మోసపోకండి.

ఖమ్మం నుంచి ఒక పాఠకుడు: పొద్దున్నే ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడిపి వేడెక్కించాకే కదలాలని మా నాన్న అంటారు. అవసరమా?

అరనిమిషం చాలు. ఆయిల్ పైదాకా చేరడానికి ఆ సమయం సరిపోతుంది. ఆ తరవాత మొదటి రెండు కిలోమీటర్లు ఎక్సిలేటర్‌ను గట్టిగా తిప్పకుండా వెళ్లండి. ఊరికే నిలబడి కాగే ఇంజిన్ కంటే మెల్లగా నడుస్తూ కాగేది త్వరగా, సమంగా వేడెక్కుతుంది. మిగిలిన నాలుగున్నర నిమిషాల్లో బండి చుట్టూ ఒకసారి తిరిగి టైర్లు నొక్కి, రెండు బ్రేకులు పట్టి చూసి, వెనక లైటు వెలుగుతోందేమో చూడండి.